పిన్నిగారి డల్లాస్ ఇంగ్లీషు

నేను చదివింది బీఏ తెలుగు. ఇంగ్లీషు పాఠం చెప్పబోతున్నానంటే ముందు నవ్వింది మా వారే. "ఛందస్సు చెప్తావా, టెన్సులు చెప్తావా?" అన్నారు. మా అమ్మాయి కూడా వంత పాడింది. ఇరవై ఏళ్లుగా పిల్లల డైరీలు, బ్యాంకు ఫారాలు, మందుల చీటీలు చదువుకుంటూ వచ్చిన ఇంగ్లీషు నాది. గొప్పది కాదుగానీ పని జరిగే ఇంగ్లీషే!

అడిగింది మా ఆడపడుచు. తెనాలిలో వాళ్ల పక్కింటావిడకి అరవై ఏళ్లు. కూతురి మొదటి కాన్పుకి డల్లాస్ వెళ్తున్నారు. భర్త లేరు. కొడుక్కి సెలవు దొరకలేదు. ఒక్కరే హైదరాబాదులో ఎక్కి, దుబాయిలో విమానం మారి వెళ్లాలి. చదువు అయిదో తరగతి. వీసా ఇంటర్వ్యూ తెలుగులోనే గట్టెక్కింది. "అక్కడ దిగాక ఆఫీసరు అడిగేవాటికి జవాబు చెప్పగలిగితే చాలు వదినా, వాట్సాప్‌లో నేర్పుతావా?" అంది. ప్రయాణం ఇంకా ఇరవై రోజులే ఉంది.

ఇరవై రోజుల్లో ఏబీసీడీలేం చెప్తాం? అందుకే నాలుగు ప్రశ్నలు తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసి, ఫోటో తీసి పంపాను. ఎందుకొచ్చారు? ఎన్నాళ్లుంటారు? ఎవరింట్లో ఉంటారు? తినే సామాను ఏమైనా తెచ్చారా?

మొదటి రోజు మధ్యాహ్నం రెండున్నరకి కాల్ కలిపితే ముందు సీలింగ్ ఫ్యాను కనబడింది, తర్వాత సగం నుదురు. పక్కింటి కుర్రాడెవరో ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి వెళ్లాడు. పిన్నిగారు ఇస్త్రీ చీర కట్టుకుని, కొత్త నోట్‌బుక్కు ముందు పెట్టుకుని, పరీక్షకొచ్చిన పిల్లలా కూర్చున్నారు.

"ఏమీ అనుకోకమ్మా, నాకు నోరు తిరగదు" అన్నారు.

"పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఏమేం ముట్టుకున్నారో చెప్పండి పిన్నిగారూ."

"బ్రష్షు, పేస్టు, గ్యాసు స్టవ్వు, ఫ్రిజ్జు, మిక్సీ, స్విచ్చి, ఫోను..." వేళ్లు మడుస్తూ చెప్పారు.

"ఇవన్నీ ఇంగ్లీషేగా!"

"అయ్యో, ఇవి మనవే అనుకున్నాను" అని ఆవిడ నవ్వేసరికి భుజాలు కాస్త కిందికి దిగాయి.

నా బీఏ అక్కరకొచ్చింది ఇక్కడే. తెలుగు అజంత భాష. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. అందుకే బస్ మన నోట్లో బస్సు అయింది, టికెట్ టిక్కెట్టయింది. "చివర ఉన్న 'ఉ'ని మింగేయండి, చాలు" అన్నాను. "బస్సు... బస్. బ్యాగు... బ్యాగ్" అని ఆవిడే మార్చుకుంటూ పోయారు. ఆ తర్వాత వాక్యం. "మా అమ్మాయిని చూడ్డానికి వచ్చాను" అని మనం క్రియని చివర పెడతాం. వాళ్లు "ఐ కేమ్" అని ముందే అనేసి, మిగతాది తర్వాత చెప్తారు. "అంటే మనం మజ్జిగతో ముగిస్తే వాళ్లు మజ్జిగతో మొదలెడతారన్నమాట!" అన్నారు పిన్నిగారు. మా లెక్చరర్లు కూడా ఇంత తేలిగ్గా చెప్పలేదు.

తర్వాత నేను ఆఫీసర్ని అయ్యాను. "వాట్ ఈజ్ ద పర్పస్ ఆఫ్ యువర్ విజిట్?" అన్నాను.

పిన్నిగారు ఠక్కున "వర్క్" అన్నారు.

గుండె ఝల్లుమంది. ఎందుకలా అన్నారంటే, "కాన్పు పనుంది కదమ్మా, పని మీదేగా వెళ్తున్నాను!" అన్నారు. ఆవిడ తెలుగు నూటికి నూరుపాళ్లూ సరైందే. మనకి పెళ్లీ పనే, పురుడూ పనే. కానీ విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు వర్క్ అంటే ఉద్యోగానికొచ్చారనుకుంటారు, ఆ వీసాకి ఉద్యోగం కుదరదు. "ఐ కేమ్ టు సీ మై డాటర్" అనమన్నాను. అది నిజమే కదా, చూడ్డానికేగా వెళ్తున్నారు!

ఎన్నాళ్లుంటారంటే తిరుగు టిక్కెట్టు ప్రకారం చెప్పాలి. వీసా పదేళ్లకిచ్చినా, ఈసారి ఎన్నాళ్లుండొచ్చో నిర్ణయించేది అక్కడి ఆఫీసరే. మామూలుగా ఆరు నెలలిస్తారు.

తినే సామాను దగ్గర పెద్ద బేరమే నడిచింది. గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు, వాటితోపాటు పెరట్లో కోసిన పచ్చి కరివేపాకు. కరివేపాకు కుదరదన్నాను. దాంతోపాటు వెళ్లే పురుగు అక్కడి నారింజ, నిమ్మ తోటలకి తెగులు తెస్తుందని పచ్చి ఆకు రానివ్వరు. ఆవిడ మొహం చిన్నబోయింది. మిగతావాటిని దాచకుండా "యెస్, పికిల్, పౌడర్, స్వీట్స్" అని చెప్పేయడమే మంచిది. భయపడి లేవంటే, పెట్టె తెరిచాక జరిమానా పడొచ్చు.

అప్పుడు పిన్నిగారు నోట్‌బుక్కు మూసేశారు. "ఆయన పోయాక బ్యాంకులోనైనా, కరెంటాఫీసులోనైనా మా వాడే మాట్లాడతాడమ్మా. నేను వెనకాల నిలబడతాను. అక్కడ నా ముందు ఎవరూ ఉండరు. మాట రాక నన్ను వెనక్కి పంపేస్తే, పిల్ల ఆస్పత్రిలో ఒక్కతే..." అని ఆగిపోయారు.

ఏం చెప్పినా ఓదార్పు మాటే అవుతుంది. అందుకని ఇంకో వాక్యం నేర్పాను. "ఐ డోంట్ అండర్‌స్టాండ్. స్లోలీ ప్లీజ్. తెలుగు ప్లీజ్." బట్టీపట్టిన జవాబు, ప్రశ్న కాస్త మారితే పనికిరాదు. ఈ మాట ఎక్కడైనా పనికొస్తుంది. అర్థం కాలేదనడం తప్పు కాదు, తెలుగు తెలిసినవాళ్లని అడగడమూ తప్పు కాదు. మొదట గొణిగారు. అయిదోసారికి గొంతు పెరిగింది. పదోసారికి కాగితం చూడకుండా, కెమెరాలోకి సూటిగా చూసి అన్నారు. వంటింట్లో ఉన్న మా వారికి కూడా వినబడింది!

పెట్టేసేముందు, "రేపు గట్టిగా అడుగమ్మా. నువ్వు మరీ మెత్తని ఆఫీసరువి" అన్నారు.

మీ అమ్మగారో అత్తగారో ప్రయాణమవుతుంటే పెట్టె సర్దడంతోపాటు రోజూ ఒక అరగంట ఇలా కూర్చోండి. జవాబు మనకి నోటిదాకా వస్తుంది, అయినా ఆగాలి. ఇన్నేళ్లూ వాళ్ల బదులు మనమే మాట్లాడేస్తుంటే పాపం వాళ్లకి నోరెలా తిరుగుతుంది?