పని చేయనివారు

ఆఫీసులో నేను చేసేది డేటా పని. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఫైళ్లని శుభ్రం చేసి, ఒక వరసలో పెట్టి, పైవాళ్లు చూసే డాష్‌బోర్డులోకి పంపడం. ఈమధ్య ఒక క్లయింటుకి జిల్లాల ప్రొఫైల్ కావాల్సొచ్చింది. కొత్త దుకాణాలు ఎక్కడ తెరవాలో తేల్చుకోడానికట. జిల్లాకో పేజీ. జనం ఎంతమంది, ఆడా మగా ఎంత, చదువుకున్నవాళ్లెంత, సంపాదించేవాళ్లెంత.

మన దేశంలో జనగణన చివరిసారి జరిగింది 2011లో. 2021లో జరగాల్సింది కోవిడ్‌తో ఆగిపోయింది. తర్వాతి లెక్కకి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటిస్తూ 2025 జూన్‌లో నోటిఫికేషన్ వచ్చింది. అది పూర్తయ్యేదాకా ఎవరు ఏ ప్రొఫైల్ తయారుచేసినా 2011 ఎక్సెల్ షీట్లే దిక్కు. అలా ఒక మధ్యాహ్నం హైదరాబాద్ జిల్లా షీటు తెరిచాను.

మొత్తం జనాభా 39,43,323. మగవాళ్లు 20,18,575, ఆడవాళ్లు 19,24,748. అంటే వెయ్యిమంది మగవాళ్లకి 954 మంది ఆడవాళ్లు. అక్షరాస్యత 83.25 శాతం. గ్రామీణ జనాభా గడిలో సున్నా. ఇదంతా 217 చదరపు కిలోమీటర్లలో.

కథల మీదా నవలల మీదా అప్పుడప్పుడూ నాలుగు ముక్కలు రాసే అలవాటుంది నాకు. ఏది చదివినా ఇది ఎవరు చెప్తున్నారు, ఎవరి గురించి చెప్తున్నారు అని వెతుకుతాను. పట్టిక ముందు కూర్చున్నా ఆ బుద్ధి పోదు. అందుకే ముందు మా ఊరిని వెతికాను. పట్టణాల వరసల్లో సికింద్రాబాద్ పేరుతో దొరికింది ఒక్క కంటోన్మెంటే. ఆ లెక్క 2 లక్షల 17 వేల చిల్లర. మిగతా సికింద్రాబాద్ అంతా హైదరాబాద్ లెక్కలో కలిసిపోయింది. 1806లో సికందర్ జా పేరు పెట్టుకున్న ఊరు, 1960 దాకా సొంత మున్సిపాలిటీ ఉన్న ఊరు, షీట్లో విడి పట్టణంగా ఒక వరస కూడా కాదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా రిటైరైన మా తాతకి ఇది చూపిస్తే ఒప్పుకునేవాడు కాదు. ఆయనకి మా ఊరు లష్కర్. చార్మినార్ వైపు పోవాల్సొస్తే "పట్నం పోయొస్త" అని చెప్పి బయల్దేరేవాడు.

షీట్లో ఇంకో సంగతి కనిపించింది. 2001లో హైదరాబాద్ జిల్లా జనాభా 38,29,753. పదేళ్లలో పెరిగింది 3 శాతం. అదే పదేళ్లలో పక్కనున్న రంగారెడ్డి జిల్లా 35.75 లక్షల నుంచి దాదాపు 53 లక్షలకి పోయింది. సిటీ పెరగలేదా అంటే పెరిగింది, గచ్చిబౌలి, కూకట్‌పల్లి, ఉప్పల్ దాటి జిల్లా గీత అవతల పెరిగింది. మా సీతాఫల్‌మండి గల్లీలో నాతో క్రికెట్ ఆడిన తొమ్మిది మందిలో ఏడుగురు ఇప్పుడు ఆ గీత అవతలే ఉన్నారు. ఇంత సంగతి రెండు అంకెల్లో చెప్పిందంటే పట్టిక కూడా కథ చెప్పగలదు అనిపించింది. దాని మీద గౌరవం పెరిగింది.

ఆ గౌరవంతోనే కిందికి దిగితే 'పనిచేసేవారు', 'పనిచేయనివారు' అనే వరసలు వచ్చాయి. దేశం మొత్తమ్మీద మగవాళ్లలో పని చేసేవాళ్లు 53.3 శాతం, ఆడవాళ్లలో 25.5 శాతం అని 2011 లెక్క. ఈ అంకెల్ని వ్యాసాల్లో చాలాసార్లు చూశాను, ఒకట్రెండు సార్లు నేను కూడా వాడాను. ఈసారి మాత్రం ఆ వరస దగ్గర ఆగిపోయాను. హైదరాబాద్ జిల్లా, ఆడవాళ్లు, పనిచేయనివారు. ఆ గడిలో ఉన్న లక్షలమందిలో ఒకావిడని నాకు బాగా తెలుసు. ఆవిడని అక్కడ పెట్టింది నేనే.

2011 ఫిబ్రవరి. ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. ఒక ఆదివారం పొద్దున ఎన్యూమరేటర్ వచ్చారు. గవర్నమెంట్ బడిలో టీచరట. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేశాను. నాన్న మోండా మార్కెట్లో ఒక హోల్‌సేల్ కొట్లో గుమాస్తా, ఆదివారం కూడా సగం పూట ఉండేది. అందుకని జవాబులు నేనే చెప్పాను. పేర్లు, వయసులు, మాతృభాష, చదువు. అమ్మ దగ్గరికొచ్చాం.

"అమ్మగారు ఏం చేస్తారు?"

"ఇంట్లోనే ఉంటది సార్."

"పనేం చేయరా?"

"లేద్సార్, హౌస్‌వైఫ్."

లోపలి గదిలో కుట్టుమిషన్ నడుస్తూనే ఉంది. ఆయనకి వినపడే ఉంటుంది. కానీ నేను చెప్పింది రాసుకోవడమే ఆయన పని. కాసేపటికి మంచినీళ్లు అడిగారు. మిషన్ ఆగింది. అమ్మ గ్లాసు తెచ్చిచ్చి లోపలికెళ్లింది. మిషన్ మళ్లీ మొదలైంది.

ఎందుకలా చెప్పానంటే, తెలియక కాదు. కాలేజీలో నా స్నేహితుల అమ్మలు కొందరు టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, మిగతావాళ్లు హౌస్‌వైఫ్‌లు. ఊళ్లోవాళ్ల చీరలకి ఫాల్ కుట్టే అమ్మ ఎవరికీ లేదు. ఉన్నా నాలాగే ఎవరూ చెప్పలేదేమో. హౌస్‌వైఫ్ అంటే గౌరవంగా ఉండేది. అబద్ధంలా కూడా అనిపించలేదు.

అమ్మ ముప్పయ్యేళ్లు మిషన్ కుట్టింది. జనరల్ బజార్ చీరల కొట్ల నుంచి మూటలొచ్చేవి. ఫాల్ కుట్టడం, పికో కొట్టించడం, జాకెట్లు. పెళ్లిళ్ల సీజన్లో రాత్రి పన్నెండు దాకా లైటు ఆరేది కాదు. నా కాలేజీ బస్సు ఫీజు, పుస్తకాలు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఖర్చు ఆ మిషన్ మీదివే. ఆవిడ లెక్కలన్నీ నా పాత లాంగ్ నోట్‌బుక్కుల వెనక పేజీల్లో ఉండేవి. ముందు వైపు నా థర్మోడైనమిక్స్, వెనక వైపు ఆవిడ తేదీ, కొట్టు పేరు, ఎన్ని చీరలు, ఎంత వచ్చింది, ఎంత రావాలి. ఆ షీటు చూసిన వారం అటక మీంచి ఆ నోట్‌బుక్కులు దింపాను. 2011 ఫిబ్రవరి పేజీ దొరికింది. ఆ ఒక్క నెలలో తొంభైకి పైగా చీరలు. ఆ ఆదివారం తేదీ ఎదుట ఆరు.

తప్పు ఫారంది అనుకుంటే కొంచెం తేలిగ్గా ఉండేది. అందుకని నిర్వచనాలు చదివాను. ఏడాదిలో ఆర్నెల్లకి మించి పని చేస్తే ప్రధాన శ్రామికులు, అంతకు తక్కువైతే ఉపాంత శ్రామికులు. కూలీ ముట్టినా ముట్టకపోయినా సరే, ఆర్థికంగా ఉత్పత్తి ఉన్న పని అయితే చాలు. ఇంట్లో కూర్చుని కుటుంబసభ్యులు చేసే పనికి 'గృహ పరిశ్రమ' అని విడిగా ఒక వర్గమే ఉంది. పట్టణంలో అయితే ఆ పని ఇంటి ఆవరణలోనే జరగాలన్న షరతు కూడా అమ్మకి సరిగ్గా సరిపోతుంది. ఇందులో వింతలు లేకపోలేదు. ఇంటివాళ్లు తాగడానికే అయినా పాడి చూసుకుంటే అది పనే, ఆ పాలు కాచి తోడుపెట్టి అన్నంలో వడ్డిస్తే పని కాదు. దాని మీద వాదించాల్సింది చాలా ఉంది. కానీ మా ఇంటి విషయంలో ఆ వాదన నాకు పనికిరాదు. అమ్మకి ఫారంలో చోటుంది. అడగాల్సిన ప్రశ్న ఆయన రెండుసార్లు అడిగారు.

ఆ తర్వాత మరో రెండుసార్లు మా ఇంటిని లెక్కపెట్టారు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే. రాష్ట్రం మొత్తాన్ని ఒక్కరోజులో లెక్కపెట్టిన రోజు. అప్పటికి నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. "రాకపోతే నీ పేరు పోతది" అని నాన్న ఫోన్ చేస్తే ముందురోజు రాత్రి రైలెక్కాను. పొద్దున దిగేసరికి స్టేషన్ బయట కర్ఫ్యూలా ఉంది. మా పైన అద్దెకున్న కుర్రాళ్లు లెక్కలో పడటానికి వాళ్ల ఊళ్లకెళ్లారు. ఆ రోజు మా ఇంట్లో జవాబులు చెప్పింది నాన్న. అమ్మ గురించి ఆయన ఒకే మాట చెప్పాడు, "గృహిణి". నేను పక్కనే ఉన్నాను.

మూడోసారి 2024 నవంబర్లో మొదలైన కులగణన సర్వే. నాన్న అప్పటికి లేడు. వచ్చిన మేడమ్ ఫారం తీసి కూర్చోగానే నేను ముందే అనుకున్నట్టు, "అమ్మనే అడగండి" అన్నాను.

"ఏం చేస్తరమ్మా మీరు?"

"ఏం జేస్త టీచరమ్మా, ఇంట్లనే ఉంట."

"ముప్పయ్యేళ్లు మిషన్ కుట్టింది మేడమ్" అన్నాను.

ఆవిడ పెన్ను ఆపి అమ్మ వైపు చూసింది. "ఇప్పుడు కుడుతున్నరా?"

"లేదమ్మా. మోకాళ్ల నొప్పులు. బంద్ జేసి రెండేండ్లయింది."

"ఇప్పటిదే రాయాలి సార్" అంది ఆవిడ, కొంచెం మొహమాటంగా. ఆవిడ చెప్పింది సరైనదే. రాసుకుని, స్టిక్కర్ అంటించి వెళ్లిపోయింది.

తలుపేసి వస్తుంటే అమ్మ అంది. "ఆ సార్ వచ్చినప్పుడు చెప్పాల్సింది రా. ఇప్పుడు చెప్తే ఏమొస్తది?"

పదమూడేళ్లు ఆవిడకి గుర్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంకేమైనా అంటుందేమో అని చూశాను. వంటింట్లోకి వెళ్లి కుక్కర్ దించింది.

2025 ఫిబ్రవరిలో ఆ సర్వే లెక్కలొచ్చాయి. 3.54 కోట్లమందిని లెక్కపెడితే ముస్లింలు కాని బీసీలు 46.25 శాతం, ముస్లిం బీసీలు 10.08, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45. మా ఆఫీసు క్యాంటీన్లో కూడా వారం రోజులు అవే మాటలు, ఎవరిని తగ్గించారు, ఎవరిని పెంచారు అని. అడగాల్సిన ప్రశ్నలే. నేను మాత్రం ఒక మెట్టు వెనక్కి వెళ్లి ఆలోచిస్తుండేవాణ్ణి. ఆ కోటి పైచిలుకు ఇళ్లలో ఎన్యూమరేటర్ ఎదురుగా కూర్చుని జవాబులు చెప్పిందెవరు? వాళ్లు ఎవరి గురించి ఏమని చెప్పారు? మేం రాసే కోడ్‌లో ఖాళీ గడి ఉంటే పట్టుకునే పద్ధతులున్నాయి. నిండుగా, నీట్‌గా, తప్పుగా ఉన్న గడిని పట్టుకునే పద్ధతి లేదు.

క్లయింటుకి పేజీలు పంపేముందు ఆడవాళ్ల పని అంకె కింద ఒక చిన్న గమనిక రాశాను. ఇంటి నుంచి చేసే పని ఇందులో తక్కువగా నమోదై ఉండొచ్చని. చోటు లేదని రివ్యూలో తీసేశారు. నేనూ పట్టుబట్టలేదు.

ఇప్పుడు మా పైన ఒక కుటుంబం అద్దెకుంటోంది. ఆవిడ ఇంట్లోనే సకినాలు, చెగోడీలు చేసి ఆర్డర్ల మీద అమ్ముతుంది. సాయంత్రమైతే మెట్ల మీదంతా నూనె వాసన. కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. మొన్న మెట్ల మీద కనిపిస్తే ఆపాను.

"జనాభా లెక్కలకి ఎవరైనా వస్తే మీ అమ్మ పని చేస్తదని చెప్పు. సకినాల సంగతి రాయించు."

వాడు ఫోన్లోంచి తల ఎత్తాడు. "అది కూడా రాస్తరా అన్నా?"

"గడి ఉంది. మనం చెప్తే రాస్తరు."

"సరే అన్నా" అని పైకెళ్లిపోయాడు. ఆ టైముకి ఇంట్లో ఎవరుంటారో, ఎవరు తలుపు తీస్తారో మరి.