గ్రీన్ ఐలాండ్‌లో బయటపడ్డ మాట

కెయిర్న్స్‌లో విమానం దిగగానే మొహానికి కొట్టింది అచ్చం విజయవాడ ఉక్కపోత. నవంబరు నెల. మెల్‌బోర్న్ చలి నుంచి మూడున్నర గంటల ప్రయాణం. స్వెట్టర్లు బ్యాగులో కుక్కేసి, మర్నాడు పొద్దున్నే నేనూ మా ఫ్రెండూ గ్రీన్ ఐలాండ్ ఫెర్రీ ఎక్కాం. వాడికి గ్రేట్ బారియర్ రీఫ్ చూడాలని. నాకు, మూడు వారాలుగా గొంతులో ఇరుక్కున్న ఓ మాట చెప్పేయాలని.

మా ఇద్దరికీ ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలున్నాయి, వాటిలో బతికున్న కోరల్స్. వేసవిలో ఓ కొత్త అక్రోపోరా ముక్క కొన్నా. కొన్నాళ్ళు వేరే తొట్టిలో పెట్టి చూడాలి కదా! బద్ధకించి నేరుగా ట్యాంకులో పెట్టేశా. కొన్ని నెలలకి పాత అక్రోపోరా రంగు వెలిసింది, కొమ్మల మీద గుండ్రటి తెల్ల మచ్చలు. లైటు ఎక్కువైందనుకున్నా. అప్పుడే వీడు ఒక కొమ్మ అడిగితే విరిచి ఇచ్చా.

తర్వాత ఓ రోజు పిచికారీతో గట్టిగా నీళ్ళు కొడితే పలచటి పొరల్లాంటివి ఊడొచ్చాయి. చదును పురుగులు. అక్రోపోరా తప్ప ఇంకేమీ తినవు. కోరల్ మీద ఉంటే అదే రంగులో కలిసిపోతాయి. మందు నీళ్ళలో ముంచితే పురుగులు రాలతాయి కానీ గుడ్లు చావవు. గుడ్లు గీకేసి, వారం వారం మళ్ళీ ముంచాలి. నేను మొదలుపెట్టా. వాడికి మాత్రం చెప్పలేదు. వాడి దగ్గర మూడేళ్ళుగా పెంచిన పెద్ద అక్రోపోరా ఉంది మరి.

కెయిర్న్స్ నుంచి 27 కిలోమీటర్లు, 45 నిమిషాల్లో దీవి వచ్చేసింది. మొత్తం 12 హెక్టార్లే. గంటలోపే చుట్టూ నడిచి రావచ్చు. ఒడ్డున తెల్ల ఇసుక, లోపల దట్టమైన చెట్లు. జెల్లీఫిష్‌ల సీజన్ కదా, ఒళ్ళంతా కప్పే లైక్రా సూట్లు తగిలించుకున్నాం. అద్దంలో చూస్తే ఇద్దరం చవకబారు సూపర్ హీరోల్లా ఉన్నాం.

ముందు గాజు అడుగున్న పడవెక్కాం. కింద చిలకచేపలు, ఓ తాబేలు, జింక కొమ్ముల్లాంటి అక్రోపోరా. గైడ్ ఒకచోట పడవ ఆపింది. ఓ కోరల్ సగం గోధుమ రంగు, సగం తెల్లటి తెలుపు. "ఎండకి వెలిసిందా?" అని మావాడు అడిగాడు. కాదంది. నీళ్ళు వేడెక్కి వెలిస్తే పాలిపోయినా పైన కణజాలం ఉంటుందట. ఇక్కడ మాంసమే లేదు, ఉత్త అస్థిపంజరం. తిన్నది ముళ్ళ కిరీటం నక్షత్ర చేప.

రీఫ్ మీద ఈ చేపల దండు మొదటిసారి నమోదైంది ఈ గ్రీన్ ఐలాండ్ దగ్గరే, 1962లో. 20 దాకా చేతులుంటాయి, ఒంటినిండా విషపు ముళ్ళు. కోరల్ మీదెక్కి తన కడుపునే బయటికి తీసి దాని మీద పరిచి అరిగించుకుంటుంది. ఒక్కోటి ఏడాదికి 10 చదరపు మీటర్ల దాకా తినేస్తుంది. దానికీ అక్రోపోరా అంటేనే మోజు!

మరి ఎలా ఆపుతారు? డైవర్లు దిగి ఒక్కోదానికీ ఇంజెక్షన్ చేస్తారు. ఒకప్పుడు మందు ఒక్కో చేపకి చాలాచోట్ల గుచ్చాల్సి వచ్చేది. తర్వాత పశువుల పిత్తంలోని లవణాలు ఒక్క పోటుకే పనిచేస్తాయని తేలింది. వెనిగర్ కూడా పనిచేస్తుంది, మన నూడుల్స్ బండి మీదుండే వెనిగరే. అయితే పూర్తిగా తుడిచిపెట్టరు. ఇది ఇక్కడి జీవే. కోరల్ పెరిగే వేగం కన్నా తినే వేగం మించకుండా చూస్తారు. ముఖ్యంగా, దండు ఎక్కడ మొదలైందో తొందరగా కనిపెట్టి చెప్పాలి.

ఆ చివరి మాట నాకు సూటిగా తగిలింది.

జెట్టీ మీద కూర్చున్నప్పుడు చెప్పేశా. "మావా, నేనిచ్చిన కొమ్మలో పురుగులున్నాయి. మూడు వారాల నుంచి తెలుసు."

వాడు నీళ్ళవైపే చూస్తూ కూర్చున్నాడు. "నా పెద్దదాని మీద మచ్చలొచ్చి పది రోజులైంది రా. నా నీళ్ళే బాలేవనుకుని రోజు విడిచి రోజు మారుస్తున్నా. ఒక్క మెసేజ్ పెట్టలేకపోయావా?"

నా దగ్గర జవాబు లేదు. తిరుగు ఫెర్రీలో వాడు పైడెక్ మీద, నేను కింద.

ఇంటికొచ్చాక ఆదివారాలన్నీ వాడి ట్యాంకు దగ్గరే గడిపా. వాడు కొమ్మలు ముంచేవాడు, నేను పాత టూత్‌బ్రష్‌తో గుడ్లు గీకేవాణ్ణి. పెద్ద అక్రోపోరా మొదలంతా చచ్చిపోయింది. బతికిన ఐదు చివర్లు కత్తిరించి కొత్త రాళ్ళకి అంటించాం. నాలుగో ఆదివారం దాకా వాడు నాతో పెద్దగా మాట్లాడలేదు. ఐదో ఆదివారం టీ పెట్టిచ్చాడు.

మీరు గ్రీన్ ఐలాండ్ వెళ్తే పొద్దున మొదటి ఫెర్రీ పట్టుకోండి, జనం తక్కువ. నీళ్ళలో కోరల్ మీద కాలు పెట్టకండి. ఇక ఎవరికైనా దాచిపెట్టిన మాట చెప్పాల్సి ఉంటే, అంత దూరం వెళ్ళేదాకా ఆగకండి.