సూరత్ నాన్‌ఖటాయి – మా కాలనీ మార్పిడి పండుగ

‘భోజనం సూరత్‌లో, మరణం కాశీలో’ అని గుజరాతీ సామెత. ఉద్యోగరీత్యా ఈ నగరానికి వచ్చి స్థిరపడిన మాబోటి తెలుగు కుటుంబాలకు ఆ సామెతలోని మొదటి సగం కొద్దికాలంలోనే అనుభవానికి వస్తుంది. వజ్రాలు సానబట్టే నగరమనీ, జరీకీ చీరలకూ పుట్టిల్లనీ సూరత్‌ను గురించి అందరికీ తెలుసు. ఈ వ్యాసంలో మేము ప్రస్తావించదలచినది అంతకన్న చిన్న వస్తువు: అరచేతిలో ఇమిడే ఒక బిస్కట్టు, దాని చుట్టూ మా కాలనీలో అల్లుకొన్న ఒక వేడుక.

ముంబయికి ఉత్తరంగా రైలు మార్గాన సుమారు 260 కిలోమీటర్ల దూరంలో, తాపీ నది ఒడ్డున ఉన్నది సూరత్. నది సముద్రంలో కలిసే వైపున హజీరా, కవాస్ ప్రాంతాలలో గ్యాసు, విద్యుత్తు, ఎరువుల కర్మాగారాలు వెలిశాయి. వాటితోపాటే దేశపు నలుమూలల నుండి వచ్చిన ఉద్యోగుల కాలనీలు ఏర్పడ్డాయి. మాదీ అటువంటి కాలనీయే.

తెలుగువారికి ఈ నగర చరిత్ర పరాయిది కాదు. మన మచిలీపట్నానికి 1611లో వచ్చిన ఇంగ్లీషు వర్తకులే 1613లో సూరత్‌లో వర్తకస్థానం పెట్టుకొన్నారు. డచ్చివారూ అంతే, బందరులోనూ సూరత్‌లోనూ వారి వ్యాపారం సాగింది. రెండు చోట్లా వారి సమాధులు నేటికీ ఉన్నాయి. సూరత్‌లోని డచ్చి శ్మశానంలో, మలబారు మొక్కలపై ‘హార్టస్ మలబారికస్’ అనే మహాగ్రంథాన్ని వెలువరించి 1691లో మరణించిన వాన్ రీడ్ సమాధిని చూడవచ్చును. అది సమాధి కాదు, రెండంతస్తుల మంటపమేమో అనిపిస్తుంది.

డచ్చివారు వెళ్ళిపోతూ వదలిన వాటిలో రాతి కట్టడాలతోపాటు రొట్టెల పొయ్యి కూడ ఉన్నదని ఇక్కడివారి కథనం. వారి వద్ద పనిచేసిన ఫరాంజీ పెస్తన్‌జీ దోతీవాలా అనే పార్సీ ఆ పొయ్యిని నిలబెట్టాడట. నాన్‌పురాలోని దోతీవాలా బేకరీ తన ప్రారంభ సంవత్సరాన్ని 1861గా చెప్పుకొంటుంది. దొరలు లేని ఊరిలో, కల్లుతో పులియబెట్టిన రొట్టెను కొనేవారు తగ్గిపోయారు. మిగిలిన రొట్టెలను మళ్ళీ పొయ్యిలో ఎండబెట్టగా అవి కరకరలాడే బిస్కట్లయ్యాయి. గుడ్డూ కల్లూ ముట్టని గుజరాతీ ఇళ్ళకు తగినట్లుగా నెయ్యి, చక్కెర, పిండి మాత్రమే చేరిన నాన్‌ఖటాయికి ప్రచారం లభించింది. ‘నాన్’ అంటే పారశీకంలో రొట్టె. ‘ఖటాయి’ అనే మాట చీనా దేశాన్ని సూచిస్తుందని కొందరంటారు. పేరు పారశీకం, పొయ్యి డచ్చి, వ్యాపారి పార్సీ, తినేవారు గుజరాతీలు! ఊరు పుచ్చుకొని తనకు తగినట్లు మలచుకొన్నది కనుకనే నాన్‌ఖటాయి సూరత్‌దయింది.

దీపావళి సమీపించగానే గుజరాత్ పట్టణాలలో ఒక చక్కని దృశ్యం కనిపిస్తుంది. గృహిణులు నెయ్యి, మైదా, చక్కెర డబ్బాలతో పేట బేకరీకి వెళ్ళి, దగ్గరుండి నాన్‌ఖటాయి కాల్పించుకొని వస్తారు. పండుగ మరునాడు వారికి నూతన సంవత్సరం. ‘సాల్ ముబారక్’ అంటూ ఇంటికి వచ్చిన ప్రతి అతిథి ముందూ పళ్ళెం పెట్టవలసినదే. పాశ్చాత్య దేశాలలో క్రిస్మసుకు ముందు ఇరుగుపొరుగువారు ఇంట చేసిన బిస్కట్లను పరస్పరం మార్చుకొనే ఆచారం ఉన్నది. ఈ రెంటినీ కలిపి మా మహిళా మండలి దీపావళికి ముందు వచ్చే ఆదివారం ‘బిస్కట్ల మార్పిడి’ నిర్వహిస్తూ వస్తున్నది.

పద్ధతి సులభం. పన్నెండు కుటుంబాలు చేరితే ప్రతి కుటుంబమూ ఒకే రకం పిండివంట చేసి, ఆరేసి చొప్పున పన్నెండు పొట్లాలు కట్టాలి. అంటే 72 బిస్కట్లు. తిరిగి వెళ్ళేటప్పుడు ప్రతి ఇంటికీ పన్నెండు రకాలు చేరుతాయి. ప్రతి పొట్లంపైనా వాడిన వస్తువులు వ్రాయాలి. గుడ్డు నిషిద్ధం. సూర్యాస్తమయం తరువాత భుజించని జైన మిత్రుల కోసం వేడుకను సాయంత్రం నాలుగు గంటలకే ఆరంభిస్తాము. మధుమేహం ఉన్నవారికై కనీసం మూడు రకాలు ఉప్పువై ఉండాలి.

నాన్‌ఖటాయి చేయదలచిన సోదరీమణులకు మా కొలత ఇది: మైదా 200 గ్రాములు, శనగపిండి 50 గ్రాములు, నెయ్యి 125 గ్రాములు, చక్కెర పొడి 125 గ్రాములు, కొద్దిగా ఏలకుల పొడి. పేరిన నెయ్యినీ చక్కెరనూ తెల్లగా నురుగు వచ్చేవరకు గిలకొట్టి, పిండి చేర్చి, పిసకకుండా ముద్ద చేసి, ఉండలను కొద్దిగా అదిమి, 160 డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాలు కాల్చాలి. వేడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉన్నాయని మళ్ళీ పొయ్యిలో పెట్టరాదు. చల్లారిన పిదపనే గుల్లబారుతాయి.

ఈ మార్పిడిలో దేశమంతా బల్లపైకి వస్తుంది. గంజాం జిల్లా మిత్రుల ‘ఆరిసా పిఠా’ మన అరిసెకు తోబుట్టువు. కేరళ వారి అచ్చప్పం మన గులాబీ పువ్వే. మరాఠీల శంకర్‌పాళీ, బీహారు వారి ఠేకువా, జీలకర్ర వేసిన సూరతీ బటర్ బిస్కట్టు, మన గవ్వలు అన్నీ పక్కపక్కనే కూర్చుంటాయి.

ఒకరి చేతి వంట మరొకరు పుచ్చుకోవడం స్వల్ప విషయంగా తోచవచ్చును. దాని విలువ 1994లో సూరత్ వాసులకు తెలిసివచ్చింది. ఆ సెప్టెంబరులో నగరంలో ప్లేగు వ్యాధి వార్త పొక్కగానే కొద్ది రోజులలో లక్షలాది మంది ఊరు విడిచి వెళ్ళారు. సూరత్ నుండి వచ్చినవారంటే ఇతర ఊళ్ళలో భయం. ఆ దీపావళికి మా కాలనీ నుండి స్వగ్రామాలకు తీసుకువెళ్ళిన మిఠాయి పొట్లాలు కొన్ని ఇళ్ళలో విప్పకుండానే ఉండిపోయాయి. బంధువుల భయాన్ని అర్థం చేసుకొన్నాము. అయినా ఆ విప్పని పొట్లాలను చూచినప్పుడు కలిగిన బాధను నేటికీ పెద్దలు తలచుకొంటారు. తరువాతి సంవత్సరాలలో, మునిసిపల్ కమిషనరుగా ఎస్.ఆర్. రావుగారు ఉన్న కాలంలో, సూరత్ శుభ్రతకు పేరు తెచ్చుకొన్నది. నగరం తేరుకొన్నది; పాఠం మిగిలింది.

ఆ పాఠమే మా వేడుకను కాలనీ గేటు వెలుపలికి తీసుకువెళ్ళింది. నగరంలోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో తెలంగాణ నుండి మరమగ్గాల పనికి వచ్చిన నేతకుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బతుకమ్మ పాటలు అక్కడ గర్బా పాటలతో పోటీపడతాయి. నగర పాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడ నడిపింది. మా క్యాంటీనులో పనిచేసే ఒక కరీంనగర్ సోదరుని బంధువులు ఆ మగ్గాలవారే. పండుగకు క్యాంటీను, తోట, కాపలా సిబ్బందికి మిఠాయి పంచడం అన్ని కాలనీలలో ఉన్నదే. మేము మాత్రం వారికీ ఒక వంతు కేటాయించి, పిండివంట చేసి తీసుకురమ్మని ఆహ్వానించాము. ఆ సోదరుని భార్య సంక్రాంతి వరకు ఆగకుండా సకినాలు చేసి తెచ్చింది. పిండిని వేళ్ళతో మెలితిప్పుతూ చుట్టలుగా ఎలా వేస్తారని గుజరాతీ మహిళలు అడిగితే, నేలపై గుడ్డ పరచి కూర్చొని నేర్పింది. “బెహన్, ఇంకొకసారి చూపించండి” అని ఒక అధికారి సతీమణి ఆమె పక్కనే చతికిలబడింది.

ఇచ్చే చేయి పైన ఉంటుంది, పుచ్చుకొనే చేయి క్రింద ఉంటుంది. మార్పిడిలో రెండు చేతులూ ఒకే ఎత్తున ఉంటాయి. అందుచేతనే దానం కన్న ఇది మాకు ప్రియమైనది.

కర్మాగారానికి పండుగ సెలవు లేదు. దీపావళి రాత్రి కూడ షిఫ్టు నడవవలసినదే. గుజరాతీ మిత్రులు నూతన సంవత్సరానికి ఇళ్ళకు వెళితే వారి షిఫ్టును మనవారు చూస్తారు; మన దసరాకు వారు చూస్తారు. ఆ రాత్రి కంట్రోల్ రూములో టీతోపాటు ఆ పన్నెండు రకాల డబ్బా కూడ తెరుచుకొంటుంది.

ఇతర యూనిట్లలోని సోదర ఉద్యోగులు మీ కాలనీలలోనూ ఈ మార్పిడిని ప్రయత్నించవలసినదిగా కోరుతున్నాము. ఖర్చు స్వల్పం, ఏర్పాట్లు తేలిక. ఆహ్వాన పత్రికలో ‘వచ్చి తినండి’ అనడంతో సరిపెట్టక ‘చేసి తీసుకురండి’ అని కూడ తప్పక వ్రాయండి. సూరత్ మీదుగా ప్రయాణించేవారు ఒక పూట దిగి, డచ్చి సమాధులు చూచి, నాన్‌పురాలో పావుకిలో నాన్‌ఖటాయి కొనుక్కొని వెళ్ళండి. వీలైతే మీ ఊరి పిండివంట ఒక పొట్లం మాకు తీసుకురండి.