చెంచా వెనుక అక్షరాలు

ఉక్కు పలకల మీది హీటు నంబర్లను, తనిఖీ ముద్రలను చదవడమే ముప్పై ఏళ్ళుగా మా వృత్తి. అటువంటి మేము ఒక చెంచా మీది అక్షరాలను తప్పుగా చదివి భంగపడిన ఉదంతమిది.

అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్ర రాజధాని ప్రావిడెన్స్‌లో మా అమ్మాయి కాపురముంటున్నది. మనుమరాలి అన్నప్రాశనకు మేము, మా శ్రీమతి అక్కడికి వెళ్ళాము. బిడ్డ పుట్టిన గడ్డ మీద తయారైన వెండి చెంచాతోనే తొలి ముద్ద పెట్టాలని మా శ్రీమతి సంకల్పం. సరేనని పొరుగు రాష్ట్రమైన మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్‌కు బయలుదేరాము. ఆ ఊళ్ళో ఏటా మూడుసార్లు పాత వస్తువుల సంత జరుగుతుంది. పచ్చిక బయళ్ళలో గుడారాలు, వాటిలో కుర్చీలు మొదలు గుర్రపు లాడాల వరకు సమస్తం. ఒకచోట నల్లబడిన చెంచాల బుట్ట. అందులో ఒకదాని కాడ వెనుక ‘1847 రోజర్స్ బ్రదర్స్’ అని స్పష్టంగా ఉన్నది. అంతటి పాత వెండి పదిహేను డాలర్లకే దక్కిందని పొంగిపోయాము. అమ్మిన వృద్ధుడు అది వెండి అని అనలేదు, మేమూ అడగలేదు.

ఇంటికి వచ్చి తోమగానే, బల్లకు ఒరుసుకునే చోట, చెంచా అడుగున, పసుపుచాయ తేలింది. వెండి అరిగితే కింద కూడా వెండే ఉండాలి గదా! మా అల్లుడు కాఫీపొడి తూచే కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి, చెంచాను దారంతో వేలాడదీసి ముంచి చూశాము. చెంచా బరువు 52.2 గ్రాములు, ముంచినపుడు కాటా 6 గ్రాములు పెరిగింది. అంటే సాంద్రత 8.7. స్టెర్లింగు వెండికైతే 10.3 దాటాలి. లోపలిది నికెల్ సిల్వర్: రాగి, నికెలు, జింకుల మిశ్రమం. పేరులో తప్ప అందులో వెండి లేదు. 1847 అనేది హార్ట్‌ఫర్డ్ నగరంలో రోజర్స్ సోదరులు విద్యుత్తుతో పూతపూసిన చెంచాలను తెచ్చిన సంవత్సరం. ఆ పేరు 1862లో వేరే కంపెనీ చేతికి వెళ్ళినా, అంకె మాత్రం వ్యాపారచిహ్నంలో భాగమై దశాబ్దాల తరబడి ముద్రపడుతూనే వచ్చింది.

“ఏమండీ, ప్లాంటులో సరుకు పాస్ చేసేది మీరేనా?” అన్నది మా శ్రీమతి. బదులు చెప్పలేకపోయాము.

పరువు కోసం, అంతకన్నా బిడ్డ నోటి కోసం, ఈసారి చదువుకుని కొనాలని నిశ్చయించి బోస్టన్ లలితకళల మ్యూజియంకు వెళ్ళాము. అక్కడ పాల్ రివీర్ 1768లో చేసిన ‘సన్స్ ఆఫ్ లిబర్టీ’ గిన్నె ఉన్నది. 1949లో బడిపిల్లల చందాలు కూడా కలిసిన విరాళాలతో దానిని మ్యూజియం కొన్నది. రివీర్ తన వస్తువుల మీద దీర్ఘచతురస్రంలో ఇంటిపేరు ముద్రించేవాడు. 1801లో కాంటన్‌లో రాగిరేకుల రోలింగు మిల్లు పెట్టినదీ ఆయనే. మా వంటివారికి గిన్నె కంటె ఆ మిల్లే ముఖ్యం!

బ్రిటన్‌లో వెండి నాణ్యతను పరీక్షించి ముద్రవేసే ప్రత్యేక కార్యాలయాలున్నాయి. అమెరికాలో 1814 నుండి 1830 వరకు బాల్టిమోర్‌లో తప్ప అటువంటి ఏర్పాటు లేదు. మా పరిభాషలో చెప్పాలంటే అది తయారీదారు సొంత సర్టిఫికెట్టే. మూడవ పక్షం తనిఖీ లేదు. అందుచేత పేరే ప్రమాణం. తొలి పనివారు పొడి అక్షరాలు, తరువాతివారు పూర్తి పేరు కొట్టారు. కొందరు బ్రిటిష్ ముద్రలను తలపించేలా నక్షత్రం, డేగ, మనిషి తల వంటి బొమ్మలను కూడా చేర్చారు. వాటికి అధికారికమైన అర్థమేదీ లేదు. ‘కాయిన్’ అని ఉంటే నాణెపు వెండి అని భావం. ఆ నాణెపు ప్రమాణం 1792 చట్టంలో వెయ్యికి 892.4 పాళ్ళు, 1837 నుండి 900. ‘స్టెర్లింగ్’ అంటే 925. ముద్రకు చట్టపు కట్టుబాటు దేశమంతటా వచ్చింది 1906లో మాత్రమే.

ప్రావిడెన్స్‌కు తిరిగివచ్చి, అక్కడి డిజైన్ కళాశాల మ్యూజియంలో గోరమ్ కంపెనీ వస్తువులను చూశాము. 1831లో మొదలై, 1868లో స్టెర్లింగు ప్రమాణాన్ని స్వీకరించిన ఆ కంపెనీ గుర్తు సింహం, లంగరు, ‘జి’ అక్షరం. లంగరు రోడ్ ఐలాండ్ జెండా మీద కూడా ఉన్నది. 1890లో ఎల్మ్‌వుడ్‌లో కట్టిన వారి మహా కర్మాగారం ఎక్కడని అడుగగా, అమ్మాయి కారులో తీసుకువెళ్ళింది. కర్మాగారం లేదు. ఆ నేలలో కొంత భాగంలో ఒక హైస్కూలు, పక్కన మషాపాగ్ చెరువు. నేలలో మిగిలిపోయిన కాలుష్యం గురించి ఏళ్ళ తరబడి వివాదాలు నడిచాయట. ఫ్యాక్టరీ సైరను విని కాలం గడిపిన మాకు అక్కడ కాసేపు మాట రాలేదు.

ఆ సాయంత్రం ఊళ్ళోని ఒక దుకాణంలో భూతద్దంతో వెతికి సింహం, లంగరు, ‘జి’, ‘స్టెర్లింగ్’ నాలుగూ ఉన్న చెంచా ఒకటి పట్టుకున్నాము. కాటా పరీక్షలో 10.3 వచ్చింది. కాడ ముందువైపు ఎవరివో పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. పరాయి పేరెందుకు, అరగదీయిద్దామన్నది మా శ్రీమతి. అరగదీస్తే కాడ పలుచబడుతుందని మేము చెప్పాము. “ఆవిడ ఎవరో ఈ ఊరి పెద్దావిడే గదమ్మా, ఉండనీ” అని అమ్మాయి తేల్చేసింది.

ముహూర్తానికి ఆ చెంచాతోనే పాయసం పెట్టాము. పిల్ల మొదటి ముద్ద ఉమ్మివేసి, చెంచాను మాత్రం గట్టిగా పట్టుకుని వదలలేదు. రోజర్స్ వారి చెంచా మా వెంట వచ్చి, ప్రస్తుతం మా క్వార్టర్సులో పంచదార డబ్బాలో ఉన్నది.