డాబా మీద తీగ... మాట ఖండాల అవతల!

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి గడ్డిఅన్నారం గల్లీల్లోకి నడిచేవాళ్లు తల ఎత్తి పైకి చూడటం అరుదు. చూడాల్సిందంతా కిందే ఉంటుంది మరి! కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల ముందు బైకులు, మిర్చిబజ్జీల బండ్లు... అయినా ఒక్కసారి పైకి చూడండి. నీళ్ల ట్యాంకులు, కేబుల్ వైర్లు, సెల్ టవర్లు, బట్టలు ఆరేసిన తాళ్లు. వాటి మధ్య ఎక్కడైనా ఓ సన్నటి రాగి తీగ, దాని నడిమధ్య నుంచి కిందికి దిగే నల్లటి కేబుల్ కనిపిస్తే... అది బట్టల కోసం కట్టింది కాకపోవచ్చు. ఆ ఇంట్లో ఓ 'హామ్' ఉన్నట్టే!

హామ్ అంటే అమెచ్యూర్ రేడియో ఆపరేటర్. పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వం నుంచి లైసెన్సు తీసుకుని, సొంత రేడియోతో ప్రపంచంలో తనలాంటి వాళ్లతో మాట్లాడే మనిషి. పేరు కన్నా కాల్‌సైనే ముఖ్యం. మనదేశంలో చాలామందికి అది 'వీయూ' అక్షరాలతో మొదలవుతుంది. జీతం లేదు, లాభం లేదు. ఎక్కడో అర్జెంటీనాలో ఉన్నాయన పలికితే, ఆ సంభాషణకు గుర్తుగా ఓ కార్డు పోస్టులో వస్తుంది. దాన్ని గోడకు అంటించుకుంటారు. అంతే!

ఈ సరదాకి అసలు చిక్కు జాగాతోనే. హామ్‌లు ఎక్కువగా వాడే 7 మెగాహెర్ట్జ్‌కు మామూలు తీగ యాంటెన్నా కట్టాలంటే దాదాపు 66 అడుగుల పొడవుండాలి. గల్లీల్లో వంద గజాల ఇల్లంటే సుమారు పాతిక అడుగుల వెడల్పు, ముప్పై ఆరు అడుగుల పొడవు. ఈ మూల నుంచి ఆ మూలకి లాగినా 44 అడుగులు దాటదు. రెండొందల గజాల ఇంటి మీదా చాలాసార్లు చాలదు! అందుకే మధ్యలో ఓ పైపు నిలబెట్టి, రెండు కొసల్నీ కిందికి వంచి పిట్టగోడకు కడతారు. సంక్రాంతి వచ్చిందంటే పతంగుల మాంజా దానికే చుట్టుకుంటుంది. ఆ విసుగు పడ్డవాళ్లకే తెలుస్తుంది.

నిజానికి ఈ వైపు నేలకు రేడియో కొత్త కాదు. 1930ల మొదట్లో తపాలా శాఖలో పనిచేసే మహబూబ్ అలీ, చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల చిన్న రేడియో స్టేషన్ పెట్టారు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. కొన్నేళ్లకు పక్కనున్న సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ లేచింది. ఆ దక్కన్ రేడియోనే 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఒక్కడి సరదా అలా ఊరంతటి గొంతయింది. గడ్డిఅన్నారంలోని పీ అండ్ టీ కాలనీ పేరులోనూ తపాలా, తంతి రెండూ ఉన్నాయి. ఆ శాఖ 1985లోనే రెండుగా చీలింది. 2013 జులైలో టెలిగ్రామూ పోయింది. మోర్స్ 'కట్ట కడ' చప్పుడు ఇంకా వినిపించేది ఎక్కువగా హామ్‌ల గదుల్లోనే.

హైదరాబాదు ఈ ప్రపంచానికి ఇచ్చిందీ తక్కువేం కాదు. ఇక్కడి అష్హర్ ఫర్హాన్ 2003లో 'బిటెక్స్' అనే రేడియో డిజైన్ చేశారు. ఖరీదైన విడిభాగాలు దొరకనివాళ్ల కోసం కుళాయి వాషర్ల మీద కాయిల్ చుట్టుకోమన్నారు! బలం 6 వాట్లే, చిన్న ఎల్‌ఈడీ బల్బంత. అది పనిచేసేది 14 మెగాహెర్ట్జ్ మీద. దానికి 33 అడుగుల తీగ చాలు. వంద గజాల డాబాకు సరిగ్గా సరిపోతుంది కదూ! దేశదేశాల హామ్‌లు దాన్ని చూసి సొంతంగా కట్టుకున్నారు.

ఇంతకీ ఇదంతా కాలక్షేపమేనా? 2004 డిసెంబరులో రాజ్‌భవన్ రోడ్డులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది. ఆ దీవుల నుంచి హామ్‌ల పలుకు దొరకడం అపురూపం కాబట్టి ప్రపంచమంతా వాళ్ల కోసం చెవులు రిక్కించింది. 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. సరదాగా తీసుకెళ్లిన రేడియోలే పోర్ట్‌బ్లెయిర్‌కూ బయటి ప్రపంచానికీ మధ్య కబుర్లు మోశాయి. 'మావాళ్లు క్షేమమేనా?' అన్న ప్రశ్నలే ఎక్కువ.

ఆపద దీవులకే వస్తుందా? 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కరెంటు పోయి, ఫోన్లో చార్జింగ్ అయిపోతే పక్క వీధి కూడా అండమానే! కారు బ్యాటరీతో నడిచే రేడియో, పైన ఓ తీగ ఉంటే అప్పుడు ఎంత ధైర్యమో.

ఆ తీగ కట్టడానికి డాబాలే కరవవుతున్నాయి. పాత ఇళ్లు పడగొట్టి అయిదంతస్తులు లేపుతున్నారు. ఫ్లాట్ కొన్న హామ్ పైన పైపు పాతాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి. 'పిడుగు పడుతుందేమో', 'రేడియేషనట' అని ఒకరు, 'మా టీవీ రాదు' అని మరొకరు! ఆ భయాలు తీర్చేలోపు ఓపిక అయిపోతుంది. ఒకవేళ ఒప్పుకున్నా, ఇంటింటి ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు కలిసి చేసే బుస్సుమనే రొద ఒకటి. దూరదేశపు సన్నటి గొంతు అందులో మునిగిపోతుంది.

అందుకే కొందరు రాత్రి వేళ కోసం కాచుకుంటారు. 7 మెగాహెర్ట్జ్ దూరాలకు పలికేదీ చీకటి పడ్డాకే. అందరూ పడుకున్నాక మెల్లగా పైకెళ్లి, నీళ్ల ట్యాంకు నుంచి పిట్టగోడకు తీగ కట్టి, చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుంటారు. తెల్లారేలోపు తీగ చుట్టి సంచీలో వేసేస్తారు. పొద్దున్నే అక్కడ ఎవరో బట్టలు ఆరేసుకోవాలి కదా!