కింద కూరగాయలు... పైన సిగ్నళ్లు!

సికింద్రాబాద్ రైల్వేస్టేషన్ నుంచి కాస్త నడిస్తే చాలు... మోండా మార్కెట్ వచ్చేస్తుంది. కట్టలుగా పుదీనా, గుట్టలుగా టమాటాలు, బుట్టల నిండా బంతిపూలు. పక్కనే జనరల్ బజార్, ఆ దగ్గర్లోనే ఉజ్జయినీ మహంకాళి ఆలయం. 1806లో బ్రిటిష్ సైన్యం విడిదిగా మొదలై మూడో నిజాం సికిందర్ జా పేరు పెట్టుకున్న ఊరిది. దండు ఉన్న చోటు కాబట్టి పాతవాళ్లకు ఇప్పటికీ ఇది లష్కరే!

ఆ కాలపు బజారులో చిల్లర లేకపోతే బేరం ఆగేది. ఇప్పుడు సిగ్నల్ లేకపోతే ఆగుతోంది.

‘‘పైసలు పడ్డయా అమ్మా?’’

‘‘డబ్బా ఇంకా పలకలె బిడ్డా... జర ఆగు!’’

గంపల పక్కనున్న చిన్న స్పీకరు ‘డబ్బులు అందాయి’ అని చెప్పేదాకా ఇద్దరూ దాని వంకే చూస్తుంటారు. ఇక ఆషాఢంలో లష్కర్ బోనాలప్పుడైతే ఈ సందుల్లో ఇసుకవేస్తే రాలదు. అన్ని వేల ఫోన్లకూ ఒకేసారి సిగ్నల్ అందాలి. మరి అది ఎక్కడి నుంచి రావాలి? పక్కనున్న ఏదో ఒక మేడ మీద నుంచే. చిక్కంతా అక్కడే. సిగ్నల్ అందరికీ కావాలి, టవర్ మాత్రం ఎదురింటి మీద వద్దు!

ఎవరిని అడగాలి?

ఒకప్పుడు టవర్ అంటే స్థానిక సంస్థ అనుమతి పెద్ద తతంగం. 2016 నవంబరులో కేంద్రం ‘మార్గ హక్కు’ నిబంధనలు తెచ్చింది. 2022 ఆగస్టులో వాటిని సవరిస్తూ, ప్రైవేటు స్థలంలో టవర్‌కు స్థానిక అధికారుల అనుమతి అక్కర్లేదంది. భవనం మీద పెడితే పని మొదలెట్టే ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ కట్టడం బరువు మోయగలదని స్ట్రక్చరల్ ఇంజినీరు ధ్రువపత్రం జతచేయాలి. వీధి దీపాల స్తంభాలకు చిన్న యాంటెనాలు అమర్చుకునే వీలూ అప్పుడే వచ్చింది. ఇరుకు బజార్లకు పనికొచ్చే ఏర్పాటది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద రూపొందిన కొత్త నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

పాత గోడలున్న పేటల్లో ఆ ధ్రువపత్రం ఉత్త కాగితం కాదు. టవరూ, బ్యాటరీలూ, జనరేటరూ అన్నీ కలిస్తే తక్కువ బరువేం కాదు. అద్దె మేడ యజమానికి ముడుతుంది, పగుళ్ల భయం మాత్రం కింద దుకాణం నడుపుకునేవారిది. రేడియేషన్ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

పైనా? ఎదురుగానా?

రేడియేషన్ సంగతికొస్తే... 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం రేడియో తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే జాబితాలో చేర్చింది. కారకమని తేలిందని కాదు, కొట్టిపారేయలేమని. 2012 సెప్టెంబరు 1 నుంచి మనదేశం పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లు. అదే ఏడాది నవంబరులో రాజస్థాన్ హైకోర్టు బడులు, ఆసుపత్రుల దగ్గరి టవర్లు తీసేయమంది.

ఇక్కడో తిరకాసు ఉంది. టవర్ కింది ఇంట్లోవాళ్లే ఎక్కువ భయపడతారు. కానీ యాంటెనా తరంగాలు టార్చిలైటు వెలుగులా ముందుకు పోతాయి. అందుకే టెలికాం శాఖ 2013 మార్గదర్శకాల్లో యాంటెనాకు ఎదురుగా, అదే ఎత్తులో ఉన్న భవనం ఎంత దూరంలో ఉండాలో చెప్పింది. రెండు యాంటెనాలైతే 35 మీటర్లు, నాలుగైతే 45, ఆరైతే 55. మోండా సందుల్లో ఎదురిళ్ల మధ్య అంత ఎడం ఎక్కడిది? కాబట్టి చూడాల్సింది నెత్తిన ఏముందని కాదు, కిటికీకి సూటిగా ఏముందని. ఇంకో మాట... టవర్ దూరమై సిగ్నల్ బలహీనపడితే చెవి దగ్గరున్న ఫోనే ఎక్కువ శక్తితో పనిచేస్తుంది!

అనుమానం తీరేదెలా?

2017 మేలో కేంద్రం ‘తరంగ్ సంచార్’ పోర్టల్ ప్రారంభించింది. ఏ టవర్ పరిమితిలో ఉందో అందులో చూడొచ్చు. కొలిచి చూపించమని రుసుం కట్టి కోరేందుకు అప్పట్లో 4,000 రూపాయలు నిర్ణయించారు. గంప ముందు కూర్చునే అమ్మకు అది చిన్న మొత్తం కాదు. వీధిలో పదిమంది కలిస్తే మాత్రం భారం కాదు. ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో టెలికాం కమిటీలు వేయాలని 2013 మార్గదర్శకాలు సూచించాయి.

మోండాలో కూరగాయలు కొనేవాళ్లు త్రాసు ముల్లు చూడందే డబ్బులివ్వరు. మేడ మీది టవర్‌కైనా అదే లెక్క. బరువెంతో కాగితం అడగాలి, తరంగమెంతో కొలిపించాలి. ఆ తర్వాతే ఒప్పుకోవడమైనా, వద్దనడమైనా!