మాట వినిపించు యంత్రము

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పరిమితమైన సొమ్ముతో ఇంటికొక శబ్దయంత్రమును కొనుట కూడ ఆ కోవలోనిదేనని మేము అనుభవపూర్వకముగా చెప్పగలము. హోం థియేటర్ రిసీవరు అనునది విలాసవస్తువు కదా, విద్యార్థులకు దానితో పనియేమి అని కొందరు ప్రశ్నింపవచ్చును. మాకు కలిగిన పని వేరు.

మా దాదాజాన్ ముప్పదేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నారు. ఉర్దూ, తెలుగు రెండింటను ఉచ్చారణ విషయమున రాజీపడని మనిషి. గత రెండు మూడేండ్లుగా వారు టెలివిజను ముందు కూర్చొనుట క్రమముగా మానివేశారు. కారణమడిగితే, "నాయనా, చప్పుడు వినబడుతున్నది, మాట వినబడుట లేదు" అన్నారు. వినికిడి యంత్రము ధరించియున్నను, దూరమునుండి వచ్చు మాట వారికి అందుట లేదు. ఇంటిల్లిపాదీ కూడియున్న వేళ ఒక పెద్దమనిషి తన గదిలో ఒంటరిగా ఉండుట మాకు కష్టముగా తోచినది. మేము నలుగురు మనుమలము ట్యూషనులు చెప్పి కూడబెట్టిన 24,000 రూపాయలను ఇందుకు వినియోగింప నిశ్చయించుకొన్నాము.

వైద్యులు చెప్పిన విషయము మాకు దారి చూపినది. వయస్సుతోపాటు చెవి మొదట కోల్పోవునది హెచ్చు శ్రుతి గల ధ్వనులను. అచ్చులు బాగుగనే వినబడును. స, శ, ఫ, త వంటి హల్లులు జారిపోవును. శబ్దము పెంచినకొలది అచ్చులు హోరెత్తునే గాని మాట తేటపడదు. కావున మాకు కావలసినది పెద్ద శబ్దము కాదు, స్పష్టమైన మాట.

ఈ దృష్టితో చూడగా యంత్రముల తారతమ్యము బోధపడినది. 1992లో చలనచిత్రశాలలలో ప్రవేశించిన డాల్బీ డిజిటల్ విధానమున అయిదు దిక్కులకు అయిదు ధ్వనిమార్గములు, మంద్రస్వరమునకు ప్రత్యేకముగా మరియొకటి ఉండును. సంభాషణలో అధికభాగము నడిమి స్పీకరు నుండి వచ్చును. రిసీవరు ఈ మార్గములను విడదీసి, దేని స్థాయిని దానికి వేరుగా హెచ్చించు వీలు కల్పించును. సంగీతమును తగ్గించి మాటను పెంచుట దీనివలన సాధ్యము.

కోఠీలోని గుజరాతీ గల్లీకి మూడు పర్యాయములు వెళ్ళాము. ప్రతి అంగడిలోను వేయి వాట్లు, రెండువేల వాట్లు అను మాటయే వినబడినది. భౌతికశాస్త్రము చదువు మిత్రులకు తెలిసినదే: శక్తి రెట్టింపైనచో ధ్వని 3 డెసిబెళ్ళు మాత్రమే పెరుగును. చెవికి రెట్టింపైనట్లు తోచుటకు సుమారు పదిరెట్ల శక్తి కావలెను. ఒక వాటుకు 86 డెసిబెళ్ళు ఇచ్చు స్పీకరుకు 100 వాట్లు అవసరమైనచోట, 89 డెసిబెళ్ళు ఇచ్చు స్పీకరుకు 50 వాట్లు చాలును. కావున అట్టమీది అంకెను నమ్మక, ఎన్ని స్పీకర్లు ఏకకాలమున పనిచేయునపుడు ఆ వాట్లు లభించునని అడిగాము. ఆ ప్రశ్నకు సూటిగా బదులు చెప్పిన వర్తకుని వద్దనే బేరము సాగించాము.

క్రొత్త రిసీవరు మా సొమ్ముకు అందలేదు. కొన్నేండ్లు వాడినదానిని చూచాము. పాత యంత్రము నేటి 4కె చిత్రమును మోయలేదని కొందరు వెనుకకు లాగారు. కాని చిత్రము టెలివిజనులోనే ఉండగా, ధ్వని మాత్రమే రిసీవరుకు చేరిన చాలును గదా! 2009 నాటి హెచ్.డి.ఎం.ఐ. 1.4 ప్రమాణముతో వచ్చిన ఏ.ఆర్.సి. అను సౌకర్యము ఈ పనిని ఒకే తీగతో నెరవేర్చును. అది ఉన్నదని నిర్ధారించుకొని, ప్రతి మార్గమును విడివిడిగా వినిచూచి, అరగంటసేపు నడిపించి వేడిని పరీక్షించి, 12,500 రూపాయలకు కొన్నాము. ఎదుట ఉంచు మూడు స్పీకర్లకు 8,400, తీగలకు 700 అయినవి. వెనుక స్పీకర్లు లేవని యంత్రమునకు తెలియజేసినచో ఆ ధ్వనిని కూడ అది ముందువాటికే పంచును. అవి తరువాత కొనవచ్చును. మిగిలిన 2,400 రూపాయలు చిన్న చెల్లెలి పరీక్ష రుసుమునకు ఉంచాము.

ఇక గది విషయము. మాది షాబాదు బండలు పరచిన ఇల్లు. మాట్లాడిన మాట గోడలకు తగిలి తిరిగివచ్చును. గోల్కొండ ఫతే దర్వాజా వద్ద చరచిన చప్పట్లు సుమారు కిలోమీటరు దూరమున ఎత్తుననున్న బాలాహిసారులో వినబడుట మనకు గర్వకారణమే. కాని అట్టి ప్రతిధ్వని ఇంటిలో ఉన్నచో ఒక అక్షరము మరియొకదానిని మింగివేయును. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఒక ఉపన్యాసశాలలో మాట అర్థము కాకున్నపుడు, వాలెస్ సేబిన్ అను ఆచార్యుడు కుర్చీల మెత్తలను తెచ్చి పరచి, ప్రతిధ్వని ఎంతసేపు నిలుచునో కొలిచి భవననిర్మాణ ధ్వనిశాస్త్రమునకు పునాది వేశాడు. మేము పెట్టెలోని పాత జంపఖానాను నేలమీద పరచి, కిటికీలకు దళసరి తెరలు కట్టాము. దీనికి ఒక్క పైసయు ఖర్చు కాలేదు. ఫలితము మాత్రము స్పీకరు మార్చినంతగా కనబడినది.

దాదాజాన్ చెవులు తిరిగి పడుచువైనవని మేము చెప్పము. సినిమాలో గుసగుసలు నేటికిని వారికి అందవు. కాని నాల్గవనాటి రాత్రి వార్తలు వినుచు, చదువుచున్న యువతి 'శ'కారమును 'స'కారముగా పలికినదని వారు తప్పుపట్టారు. ఆ తప్పు వారికి వినబడినందుకు మేము నలుగురము ఒకరి ముఖమొకరము చూచుకొని సంతోషించాము.

మిత్రులారా, ధనము తక్కువైనపుడు అవసరమును స్పష్టముగా నిర్వచించుకొనుటయే మొదటి పొదుపు. ఈ మాట ఇండ్లకే గాక సభలు నడుపు సంస్థలకును వర్తించునని మా విన్నపము. మైకుల సంఖ్య పెంచుటకు ముందు సభామందిరపు గోడలకు నాలుగు తెరలు కట్టి చూడవలెను. వెనుక వరుసలోని శ్రోతకు మాట చేరినదా లేదా అన్నదే ఏ యంత్రమునకైనను అసలైన కొలత.